దండెం మీద ఒకే గుడ్డ

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ఆరుగురు. ముందు గదిలో బీడీల చేట ఒళ్లో పెట్టుకొని దుర్గవ్వ. ఆమెకు ఎదురుగా, తన చేట తాను తెచ్చుకొని గోడకు ఒరిగి కూర్చున్న పక్కింటి ముసలి లసుమవ్వ. వెనక గది తలుపు దగ్గర పీట వేసుకొని, కోరుట్ల నుంచి వచ్చిన వియ్యపురాలు సమ్మవ్వ. ఆ తలుపు లోపల నులక మంచం మీద దుర్గవ్వ పెద్ద కూతురు, బాలింత సంగీత. ఆమె పక్కలో ఇంకా పేరు పెట్టని తొమ్మిది రోజుల పాప. ఈ గదికీ ఆ గదికీ పెరటికీ మధ్య తిరుగుతూ సంగీత చెల్లెలు నీల. మగవాళ్లు లేరు. దుర్గవ్వ మొగుడు గంగయ్య మస్కట్‌లో, సంగీత మొగుడు మహేందర్ దుబాయ్‌లో. ఫోన్ మోగినప్పుడు ఇంట్లో ఉన్నట్టు, పెట్టేసినప్పుడు లేనట్టు.

రాయికల్‌కు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఆ ఊరు. మే నెల రెండో వారం. పది కాకముందే వాకిట్లో చెప్పుల్లేకుండా కాలు పెట్టలేరు. మస్కట్ పైసలతో గంగయ్య పాత గూన పెంకుల ఇల్లు విప్పి ముందర రెండు గదులకు స్లాబ్ వేయించాడు. అక్కడితో చేతిలోవి అయిపోయి, వెనక గదికి సిమెంటు రేకులు కప్పించాడు. బాలింతను ఉంచింది ఆ రేకుల గదిలోనే. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీలో గొంగడి కుక్కారు, పెరటి వైపు తలుపుకు గడియ పెట్టారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కుంపటిలో వాము, ఎల్లిగడ్డ పొట్టు వేసి పొగ పెడుతున్నారు. ఇరవై ఒకటో రోజు దాకా ఆ తలుపు ఊరికే తెరవకూడదు, బాలింత గడప దాటకూడదు.

ముందు గదిలో ఫ్యాన్ ఉంది. కానీ బీడీలు చేసే ఇంట్లో పగలు ఫ్యాన్ తిరగదు. తిరిగితే చేటలో తంబాకు లేచి కళ్లలో పడుతుంది, తడిపి పెట్టిన తునికాకు ఎండి విరుగుతుంది. కాన్పుకు ముందు రోజు దాకా సంగీత కూడా ఆ తిరగని ఫ్యాన్ కిందే, నిండు కడుపు మీద చేట ఆనించుకొని బీడీలు చుట్టింది. చెప్పిన తేదీకి ఇరవై రోజుల ముందే నొప్పులు వచ్చాయి. పాప రెండు కిలోల వంద గ్రాములు తూగింది.

నీల ఆ ఏడే పదో తరగతి పాసైంది. నోట్లో నాలుక లేని పిల్ల అని ఊరంతా అంటారు. బడిలో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికింది వినబడక సారు రెండుసార్లు గైర్హాజరు వేశాడు. ఆమె సరిచేయమని అడగలేదు. అలాంటి పిల్లకు కాన్పు ఇంట్లో మాట అవసరం లేని పని ఒకటి అప్పజెప్పారు. పాప గుడ్డలు ఉతకడం.

సమ్మవ్వ తమ్ముడికి సిరిసిల్లలో సాంచాలు ఉన్నాయి. మేనల్లుడికి బిడ్డ పుట్టిందని తెలియగానే ఆయన మరమగ్గం మీద దిగిన మెత్తటి తెల్ల బట్ట పంపాడు. దాన్ని చించి రెండు డజన్ల గుడ్డలు చేశారు. పాప తడిపినవాటిని నీల పెరట్లో ఉతికి దండెం మీద ఆరేస్తుంది. ఐదో రోజు పదకొండు గుడ్డలు ఆరేసింది. ఏడో రోజు ఎనిమిది. నిన్న నాలుగు. ఈ రోజు పొద్దెక్కి పదకొండు దాటింది, దండెం మీద ఒకే ఒక్క గుడ్డ ఉంది. అది కూడా తెల్లవారి మార్చినది.

నీల బకెట్ పట్టుకొని ఆ గుడ్డను చూస్తూ కొంచెంసేపు నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి తల్లి వెనక నిలబడింది.

"అమ్మా, గుడ్డలు తడుస్తలేవు."

దుర్గవ్వ ఆకు కత్తిరిస్తూనే ఉంది. "ఏ గుడ్డలు?"

"పిల్లయి."

"మంచిదే కదనే. నీకు పని తప్పింది."

లసుమవ్వ పళ్లులేని నోటితో నవ్వింది. "నాయినమ్మ అసుమంటి పిల్ల అది. సమ్మవ్వ ఇంట్ల ఏదన్న ఉత్తగనే బయటికి పోతదా?"

"నా సంగతి నీకెందుకు ముసల్దానా," అంది పీట మీది నుంచి సమ్మవ్వ. "నా మనుమరాలు బుద్ధిమంతురాలు. మూడు దినాలాయె, ఏడుపు ఇనబడ్డదా? మహేందర్ గాడైతే చిన్నప్పుడు వాడకట్టునంత లేపేటోడు."

ముగ్గురూ నవ్వుకున్నారు. నీల చెప్పాలనుకున్నది ఇంకా ఉంది. నవ్వు ఆగేదాకా చూసింది. ఆగిన తర్వాత చెప్పడానికి ధైర్యం చాలలేదు.

గ్లాసులో గోరువెచ్చని నీళ్లు తీసుకొని వెనక గదిలోకి వెళ్లింది. లోపల పొగ ఇంకా పోలేదు. రేకుల నుంచి వేడి నెత్తి మీదికి దిగుతోంది, కొలిమి పక్కన నిలబడ్డట్టుంది. సంగీత చెవులకు, తలకు చుట్టిన గుడ్డ చెమటకు తడిసి నల్లబడింది. కళ్లు సగం మూసి ఉన్నాయి.

"నీలా, ఇన్నేనా?" అంది గ్లాసు చూసి. "ఇంకొన్ని తేవే. నాలుక అంగిట్లకు అతుక్కుంటుంది."

"తెస్త అక్కా."

తలుపులో సమ్మవ్వ నిలబడి ఉంది. "రెండు గుటకలు సాలు బిడ్డా. బాలింత నీళ్లు ఎక్కువ తాగితే పాలు పలుసవడతయి, పిల్లకు జలుబు చేస్తది. ఇరవై ఒక్క రోజు ఓర్సుకో. మేమందరం ఓర్సుకోలేదా?"

సమ్మవ్వ చెడ్డది కాదు. కోరుట్ల నుంచి వచ్చిన రోజు నుంచి ఆ తలుపు దగ్గర పీట మీదే తింటోంది, అక్కడే కునుకు తీస్తోంది. కోడలు తక్కువ చేసిందేమీ లేదని, ఆడపిల్ల పుట్టినందుకు తానే వాడకట్టుకు చక్కెర పంచింది. ఆమె మొదటి కాన్పు ఆడపిల్లే. పుష్యమాసంలో, పన్నెండో రోజు, తలుపు సందులోంచి ఉత్తరపు గాలి కొట్టి ఆ పిల్ల పోయింది. ఈ మాట ఆమె వచ్చిన రోజే చెప్పింది, నిన్న మళ్లీ చెప్పింది. ప్రతిసారీ చేత్తో తలుపు సందు ఎంతో చూపిస్తుంది, రెండు వేళ్లంత.

నీల వంగి పాప చెంప మీద చేయి పెట్టింది. వెంటనే తీసేసింది. అన్నం కుండ మూత తగిలినట్టయింది. మళ్లీ పెట్టి చూసింది. పాప కళ్లు తెరవలేదు. పెదవులు ఎండి, వాటి మీద సన్నటి పొర లేచింది. లోపల రెండు గుడ్డలు, పైన ఒక తువ్వాల, దాని మీద ఉన్ని శాలువ.

"పాలు తాగిందా అక్కా?"

"పట్టుకుంటలేదే. నోట్ల పెట్టంగనే నిద్రవోతుంది. నాకు కూడ పడుతలేవు."

"అత్తమ్మా," అంది నీల. "పిల్ల ఒళ్లు కాలుతుంది."

సమ్మవ్వ గబగబా వచ్చి పాప కడుపు మీద చేయి వేసింది.

"గాలి దూరింది," అంది మెల్లగా. తర్వాత గట్టిగా, "గాలి దూరింది ఒదినే. ఎవలు తీసిండ్రు తలుపు?"

ముందు గదిలో కత్తెర చప్పుడు ఆగింది. దుర్గవ్వ తలుపు దాకా వచ్చింది. అబద్ధం చెప్పాలంటే కూడా మాటలు కావాలి, నీల దగ్గర అవి లేవు.

"నేనే. నిన్న పగటీలి, మీరు పండుకున్నప్పుడు. అక్కకు ఊపిరాడుతలేదంటే దొడ్డి దిక్కు తలుపు తీసిన."

"ఎంతసేపు?"

"ఒక గంట."

దుర్గవ్వ చేయి లేచింది. తంబాకు అంటిన చేయి. కూతురి మొహం దాకా వచ్చి ఆగిపోయింది. కొట్టే ఓపిక కూడా ఆమెకు లేదు. "నా నోట్ల మన్ను పోసినవ్ కదనే," అంది. "పిల్లకు ఏమన్న అయితే మాట ఎవలకస్తది? పుట్టినింట్ల సూసుకోలేదంటరు."

సమ్మవ్వ అప్పటికే కుంపటిలో బొగ్గులు వేస్తోంది. తన సంచిలోంచి ఇంకో దుప్పటి తీసి పాప మీద కప్పింది. "వేడి వేడి వెట్టాలె. గాలి దిగుతది. నువ్వు బయటికి నడువు పిల్లా."

నీల పెరట్లోకి వచ్చింది. బావి గట్టు నీడ అరచేయంత ఉంది, అందులో కూర్చుంది. తన వల్లనే అయిందా? గంటసేపే తీసింది. అక్క కొంచెం లేచి కూర్చొని, హమ్మయ్య అంది. అప్పుడు వచ్చిన గాలి కూడా చల్లగాలి కాదు, వడగాలే. పుష్యమాసం గాలికే పోయిన పిల్ల సంగతి సమ్మవ్వ చెప్పింది కదా, పెద్దవాళ్లకు తెలియదా? పదహారేళ్ల తనకేం తెలుసు? అనుకుంటూ అనుకుంటూ ఎదురుగా ఉన్న దండెం వైపు చూసింది.

తలుపు తీసింది నిన్న పగలు. గుడ్డలు తగ్గడం మొదలైంది అంతకు రెండు రోజుల ముందు.

ఈ ఇంట్లో ఇది తెలిసిన మనిషి తాను ఒక్కతే. ఎందుకంటే ఆ గుడ్డలు ఉతికింది తాను ఒక్కతే.

లేచింది. తల్లి ఫోన్ గూట్లో ఛార్జింగ్‌కు పెట్టి ఉంది. ఊరి ఆశా కార్యకర్త రజని నంబరు ఫోన్‌లో ఆశమ్మ అని ఉంటుంది. నొక్కింది.

"ఎవలు?" అంది అవతల రజని. ఎక్కడో మోటారు చప్పుడు.

"నేను నీలను."

"ఎవలు? ఇనబడుతలేదు. గట్టిగ మాట్లాడు."

"దుర్గవ్వ బిడ్డను. నీలను."

"ఏంది? జర గట్టిగ చెప్పమ్మ, లేకుంటే వెట్టేస్త."

నీల కళ్లు మూసుకొని అరిచింది. "పిల్ల పాలు తాగుతలేదు. పొద్దటి సంది ఉచ్చ పోయలేదు. ఒళ్లు కాలుతుంది. జల్ది రా రజనక్కా."

ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనిపించింది. ముందు గదిలో లసుమవ్వ చేట మీద చేతులు అలాగే ఆపి చూస్తోంది. "అబ్బ," అంది. "ఈ పిల్లకు నోరుందని నాకు గీ పొద్దు ఎరుక."

పావుగంటలో రజని స్కూటీ వాకిట్లో ఆగింది. ముఖానికి చుట్టుకున్న స్కార్ఫ్ విప్పకుండానే లోపలికి వచ్చింది. కుంపటి చూసింది, కిటికీలో గొంగడి చూసింది. ఈ ఇల్లు ఆమెకు ఆ నెలలో ఎన్నో ఇల్లో. కుంపటి ఎత్తి పెరట్లో పెట్టి వచ్చింది. గొంగడి లాగేసింది. పాప మీది దుప్పటి, శాలువ, తువ్వాల ఒక్కొక్కటి తీస్తుంటే సమ్మవ్వ ఆమె చేయి పట్టుకుంది.

"గాలి తగిలిన పిల్లకు బట్టలు ఇప్పుతరా ఎవలన్న?"

"గాలి గాదు పెద్దమ్మా. ఉడుకుతుంది పిల్ల." చంకలో జ్వరం కడ్డీ పెట్టింది. అది కూసింది. "నూట రెండు దాటింది. పొద్దటి సంది ఎన్నిసార్లు పోసింది?"

దుర్గవ్వ సమ్మవ్వను చూసింది. సమ్మవ్వ సంగీతను చూసింది. సంగీత, "చీకట్ల నాకేం కనబడుతుందక్కా," అంది.

"ఒక్కసారి," అంది నీల తలుపు దగ్గర నుంచి. "తెల్లారంగ. నిన్న నాలుగు. మొన్న ఎనిమిది. అంతకుముందు పదకొండు పోసేది."

రజని తలెత్తి ఆమెను ఒకసారి చూసింది. తర్వాత సంగీతకు చెంబెడు నీళ్లు ఇచ్చి తాగమంది. సంగీత గటగటా తాగింది, అత్తవైపు చూడకుండా. "పిల్లకు మాత్రం నీళ్లు పొయ్యద్దు. తల్లి తాగితేనే పిల్లకు పాలు. ఇగ నడువుండ్రి, జగిత్యాల పోవాలె. నేను బండికి ఫోన్ చేస్త."

"తొమ్మిదో రోజు గడప దాటుడా?" అంది సమ్మవ్వ.

"దాటాలె."

"బయట ఎండ సూసినవా? పెద్దోళ్లే వడగొట్టి పడుతున్నరు. లోపట ఉన్న పిల్లను గా ఎండల వడేస్తవా?"

రజని వాకిలి వైపు చూసింది. బయట నలభై ఐదు డిగ్రీలు. నుదుటి చెమట తుడుచుకుంది. "బండ్ల ఏసీ ఉంటది పెద్దమ్మా. లోపట కంటె బయటనే నయం."

అందరూ దుర్గవ్వ వైపు చూశారు. ఇల్లు ఆమెది, కూతురు ఆమెది. కానీ పాప ఆమెది కాదు. పురుడు పుట్టింటిదే గాని పిల్ల అత్తింటిది. మంచైనా చెడైనా మాట వాళ్లదే చెల్లాలి. "నేనేమనాలె ఒదినే," అంది దుర్గవ్వ. "నువ్వెట్లంటే గట్ల." అని కొంగుతో ముఖం కప్పుకుంది.

సమ్మవ్వ కొడుకుకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మహేందర్ డ్యూటీలో ఉంటే ఫోన్ ముట్టనివ్వరు. మళ్లీ చేసింది. మంచం మీద పాప ఒకసారి నోరు తెరిచింది. ఏడుపు రాలేదు, మూసుకుంది.

అప్పుడు లసుమవ్వ లేచింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి, ముక్కుతూ వచ్చి సమ్మవ్వ ముందు నిలబడింది. అంతవరకు ప్రతి మాటకూ నవ్విన మనిషి ఇప్పుడు నవ్వడం లేదు.

"సమ్మవ్వా, నీ పిల్ల చలికి పోయింది. అవునా?"

"అవు."

"అప్పుడు మనయి మట్టి గోడలు, గూన ఇండ్లు. తలుపు ఏసుకుంటే ఎండకాలం సుత సల్లగుండేది. గిప్పుడు నెత్తి మీద రేకులున్నయి. గిది పుష్యమా? సూడు, నువ్వే సూడు."

సమ్మవ్వ తలెత్తి రేకుల వైపు చూసింది. తర్వాత పీట ఎత్తి పక్కకు పెట్టింది. దారికి అడ్డంగా ఉన్నది అదే. "చెప్పులేవి?" అంది.

బండి వచ్చేసరికి ఒకటిన్నర అయింది. సంగీత చెవులకు గుడ్డ అలాగే కట్టుకొని గడప దాటింది, ఎవరూ చూడకుండా కొంగు ముఖం మీదికి లాక్కొని. రజని, సమ్మవ్వ ఎక్కారు. "నీల సుత రావాలె," అంది రజని. "డాక్టర్ అడిగితే లెక్క చెప్పేది గా పిల్లనే." దుర్గవ్వ తలుపుకు ఆనుకొని నిలబడిపోయింది. ఆమె కాళ్ల దగ్గర చేట బోర్లాపడి తంబాకంతా గచ్చు మీద ఉంది.

బండి కదిలింది. రోడ్డుకు రెండు వైపులా కోసిన వరి మళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. రజని సీటుకు తల ఆనించి, తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పింది. "ఎండలు ముదిరినంక అయ్యే కాన్పులు ముందుగల్లనే అయితున్నయి. మూడేండ్ల సంది సూస్తున్న. బరువుంటలేరు పిల్లలు. పుట్టంగనే గిట్ల. ఇంటింటికి తిరిగి చెప్తనే ఉన్న, నీళ్లు తాగుండ్రి, గాలి రానియ్యిండ్రి అని. నా నోరు ఎండుతుంది గని ఎవలు ఇంటరు." సమ్మవ్వ ఇవన్నీ విననట్టు పాప పాదం పట్టుకొని కూర్చుంది.

జగిత్యాల దవాఖానలో పసిపిల్లల వార్డు మేడ మీద ఉంది. నర్సు పాపను చేతుల్లోకి తీసుకొని, కడుపు మీద తోలు రెండు వేళ్లతో పట్టి వదిలి చూసింది. "గుడ్డలు ఎన్ని తడిపింది?" అని ఆమె కూడా అదే అడిగింది. నీల మళ్లీ చెప్పింది, ఈసారి అడిగిన వెంటనే. డాక్టర్ వయసులో చిన్నవాడు, కళ్ల కింద నల్లగా ఉంది. పాప ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయని, సెలైన్ పెడతామని, రెండు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేనని అన్నాడు. "రేపు తెద్దామనుకోలేదు, అది మంచి పని చేసిన్రు," అని, తల్లి గంట గంటకూ నీళ్లు తాగాలని, తన పాలు పిండి, గిన్నెతో పాపకు పట్టాలని చెప్పి ఇంకో తొట్టె దగ్గరికి వెళ్లిపోయాడు. ఒక్కో తొట్టెలో ఇద్దరు పిల్లలున్నారు.

సంగీతను లోపలికి తీసుకున్నారు. రజనికి ఊళ్లో ఇంకో బాలింత దగ్గరికి పోవాల్సి ఉంది. నీల భుజం తట్టి, బస్సుకు పోయింది. బయట బల్ల మీద సమ్మవ్వ, నీల మిగిలారు. అదే బల్ల మీద బుగ్గారం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఉంది. ఆమె ఒళ్లో మడిచిన ఉన్ని శాలువ ఉంది. సమ్మవ్వ దాన్ని చూసింది. ఆమె సమ్మవ్వ ఒళ్లోని దుప్పటిని చూసింది.

నాలుగింటికి మహేందర్ ఫోన్ చేశాడు.

"ఏమైందమ్మా? అన్ని మిస్డ్ కాల్స్ ఉన్నయి."

"పిల్లను జగిత్యాల తెచ్చినం బిడ్డా," అంది సమ్మవ్వ. "నీ మరదలు తలుపు తీసిందట. గాలి..." అని ఆగింది. నీల నేల వైపు చూస్తోంది. సమ్మవ్వ దుప్పటి అంచు వేళ్లతో నలిపింది. "డాక్టర్లయితే ఎండ అంటున్నరు. ఏమో బిడ్డా, నాకేం సమజైతలేదు. నువ్వు తిన్నవా?"

నీల లేచి కింద క్యాంటీన్‌కు వెళ్లి నీళ్ల సీసా కొనుక్కొచ్చింది. మెట్లెక్కి వచ్చేసరికి వార్డు తలుపు కొంచెం తెరిచి నర్సు నిలబడి ఉంది. ఆ సందులోంచి చల్లటి గాలి బయటికి వస్తోంది.

"సంగీత మనుషులెవరు? తల్లికి కళ్లు తిరుగుతున్నయట. తోడు ఒక్కరు లోపలికి రాండ్రి. ఒక్కరే."

ఇద్దరూ ఒకేసారి ముందుకు వచ్చారు.

"నేను పోత అత్తమ్మా," అంది నీల.

"నేను నాయినమ్మను."

"అక్కకు నీళ్లు..."

"నాకు తెలుసు." సమ్మవ్వ దుప్పటి చంకలో పెట్టుకొని చెప్పులు విడిచింది.

"దుప్పటి లోపలికి వద్దమ్మా," అంది నర్సు. సమ్మవ్వ కొంచెంసేపు దాన్ని అలాగే పట్టుకొని నిలబడింది. తర్వాత బల్ల మీద పెట్టింది. చేతులు కడుక్కొని, నర్సు ఇచ్చిన పచ్చ గౌను తల మీంచి వేసుకుంది. గౌను పెద్దదై పాదాల దాకా వచ్చింది. ఆమె గడపలో కాలు పెట్టేటప్పుడు నీల తలుపు రెక్క పట్టుకుంది.

"గంటకొకసారి తాగిపియ్యి అత్తమ్మా. రెండు గుటకలు కాదు. గ్లాసు నిండ. పిల్ల మీద ఏం కప్పకు. నీ కాళ్లు మొక్కుత."

ఇంత పొడుగు మాట ఆ పిల్ల ఎన్నడూ ఎవరితోనూ మాట్లాడలేదు. సమ్మవ్వ ఆమె ముఖంలోకి చూసింది. ఎంతో అలసిపోయిన చూపు, కోపమో కాదో తెలియలేదు. చేయి చాపి నీళ్ల సీసా తీసుకుంది.

"చెయ్యి తియ్యి, నలుగుతది," అంది.

నీల చేయి తీసింది. సమ్మవ్వ లోపలి నుంచి తలుపు వేసింది.